అమెరికా వాళ్ల పట్టీ, మన మూడో రూలు (చట్టాల చుట్టూ - 11)



2023 జూన్ 13న అమెరికా ప్రతినిధుల సభలో ఒక ఓటింగ్ జరిగింది. 219 మంది ఒకవైపు, 210 మంది ఇంకోవైపు. యుద్ధం మీద కాదు, బడ్జెట్ మీద కాదు. తుపాకి వెనక భాగానికి తగిలించి ముంజేతికి బిగించుకునే ఒక పట్టీ మీద. దాని మీద అక్కడి ప్రభుత్వ శాఖ ఒక రూలు పెట్టింది. ఆ రూలు కొట్టేయాలని తీర్మానం. ఆ సభలో తీర్మానం గెలిచింది.

గుడివాడలో కూర్చుని నీకీ గొడవెందుకు అంటారు. చెప్తాను. పోయిన భాగంలో అట్రాసిటీ చట్టం గురించి రాస్తే చాలామంది ఒకటే మాటన్నారు: "అన్నా, చట్టం ఉంది కదా, రూల్స్‌దేముంది?" రూల్స్‌లోనే ఉంది అసలు సంగతి. మనకున్న ఒక రూలు గురించి మన పేటల్లో నూటికి తొంభై మందికి తెలీదు. దాంట్లోనూ తుపాకి ఉంది. అక్కడికి రావడానికి ఈసారి కాస్త దూరం తిప్పుతాను, ఓపిక పట్టండి.

ముందు వాళ్ల కథ.

అమెరికాలో 1934 నుంచి ఒక చట్టం నడుస్తోంది. మెషిన్ గన్నులు, గొట్టం 16 అంగుళాల కన్నా పొట్టిగా ఉన్న రైఫిళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చేయించాలి, 200 డాలర్ల పన్ను కట్టాలి. పొట్టి రైఫిల్ అంటే రైఫిల్ అంత బలం, కోటు కింద దాచుకునే వీలు. అది గ్యాంగ్‌స్టర్ల కాలం మరి. మామూలు పిస్తోలుకి ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. భుజానికి ఆనించి కాల్చేలా తయారైతే రైఫిల్, చేత్తో పట్టుకుని కాల్చేలా తయారైతే పిస్తోలు. తేడా అక్కడుంది.

2012 ప్రాంతంలో ఒకాయన ఈ పట్టీ తయారు చేశాడు. వికలాంగుడైన ఒక మాజీ సైనికుడు పెద్ద పిస్తోలు ఒంటిచేత్తో పట్టుకోలేక ఇబ్బంది పడుతుంటే చూసి చేశాడట. స్టెబిలైజింగ్ బ్రేస్ అని పేరు. ఏటీఎఫ్ అనే కేంద్ర శాఖ ఉంది, మద్యం, పొగాకు, తుపాకులు, పేలుడు పదార్థాలు దాని కింద. ఆ శాఖ కూడా దీంతో పిస్తోలు రైఫిల్ అయిపోదని ఉత్తరం ఇచ్చింది. కొన్నేళ్లు తిరిగేసరికి వికలాంగుడి చేతి కోసం పుట్టిన వస్తువు రెండు చేతులూ బాగున్నవాళ్ల భుజానికి చేరింది. పొట్టి రైఫిల్ కావాలి, రిజిస్ట్రేషన్ వద్దు, పన్ను వద్దు. బ్రేస్ కొనుక్కుంటే సరి. ఏటీఎఫ్ తన లెక్కలోనే 30 లక్షలు ఉంటాయంది. కాంగ్రెస్ పరిశోధన విభాగం కోటి నుంచి 4 కోట్ల దాకా ఉండొచ్చంది. 2019 ఆగస్టులో డేటన్‌లో 9 మందిని, 2021 మార్చిలో బౌల్డర్‌లోని ఒక సరుకుల దుకాణంలో 10 మందిని చంపింది ఇలాంటి బ్రేస్ తగిలించిన తుపాకులతోనే.

బౌల్డర్ తర్వాత బైడెన్ ప్రభుత్వం కదిలింది. ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగితే 2 లక్షల 37 వేలకు పైగా వచ్చాయి. 2023 జనవరి 31న రూలు గెజిట్‌లో అచ్చయింది. బ్రేస్‌తో భుజానికి ఆనించి కాల్చేలా ఉన్న తుపాకి పొట్టి రైఫిల్ కిందే లెక్క. మే 31 లోపు రిజిస్టర్ చేయించుకోండి, ఈసారికి పన్ను మాఫీ. లేదంటే పట్టీ తీసేయండి. అదీ రూలు. 30 లక్షల్లో రిజిస్ట్రేషన్‌కి వచ్చినవి రెండున్నర లక్షల చిల్లర.

దీన్ని కొట్టేయాలని తీర్మానం పెట్టినాయన జార్జియా నుంచి గెలిచిన ఆండ్రూ క్లైడ్. ఆయనకు సొంత తుపాకుల దుకాణం ఉంది. మన దగ్గర సారా కాంట్రాక్టరు ఎమ్మెల్యే అయి ఎక్సైజ్ మీద మాట్లాడితే నవ్వుకుంటాం కదా, అక్కడా అంతే. అమెరికాలో 1996 నుంచి ఒక చట్టం ఉంది, ప్రభుత్వ శాఖ పెట్టిన ఏ రూలునైనా రెండు సభలూ మామూలు మెజారిటీతో రద్దు చేయొచ్చు. క్లైడ్ ఆ దారి పట్టాడు. జూన్ మొదటి వారంలో ఆయన పార్టీలోనే 11 మంది సొంత నాయకత్వం మీద తిరగబడి సభను ముందుకు సాగనివ్వలేదు. వాళ్ల కోపానికి కారణాల్లో ఈ పట్టీ కూడా ఒకటి. వారం తిరగ్గానే ఓటింగుకొచ్చింది, గెలిచింది. జూన్ 22న సెనేట్‌లో 49-50, ఒక్క ఓటుతో పోయింది. గెలిచినా వీటో చేస్తానని బైడెన్ ముందే అన్నాడు.

సరే, ఓడిపోయారు కదా, ఊరుకున్నారా? కోర్టుకెళ్లారు. సరిగ్గా ఏడాదికి, 2024 జూన్ 13నే, టెక్సాస్‌లో ఒక ఫెడరల్ జడ్జి మొత్తం రూలునే కొట్టేశాడు. ప్రభుత్వం అప్పీలు చేసింది. ఈలోగా ప్రభుత్వమే మారింది, 2025లో ట్రంప్ న్యాయశాఖ ఆ అప్పీలు వదిలేసింది. అక్కడితోనూ ఆగలేదు. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బడ్జెట్ చట్టంలో పొట్టి రైఫిళ్ల మీద 1934 నాటి 200 డాలర్ల పన్నుని సున్నా చేసేశారు, 2026 జనవరి 1 నుంచి.

బంప్ స్టాక్ కథా ఇంతే. 2017లో లాస్ వేగాస్‌లో సంగీత కచేరీకి వచ్చిన జనం మీద హోటల్ కిటికీలోంచి కాల్పులు జరిగినప్పుడు వాడింది అదే, మామూలు రైఫిల్ని మెషిన్ గన్నులా పేల్చే పరికరం. దాన్ని నిషేధించింది స్వయంగా ట్రంప్ ప్రభుత్వం. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6-3తో ఆ నిషేధం చెల్లదంది. కాంగ్రెస్ చట్టంలో లేని మాట శాఖ రూలులో రాయకూడదని తీర్పు సారాంశం.

వాళ్ల పట్టుదల చూడండి ఒకసారి. ముసాయిదా దశలో లక్షల ఉత్తరాలు. గడువు వచ్చాక రిజిస్టర్ చేయించకుండా కూర్చోవడం. చట్టసభలో తీర్మానం. అది పోతే కోర్టు. కోర్టుతో పాటు ఎన్నికలు. ఒక పట్టీ కోసం! తమ చేతిలో ఉన్నదాన్ని ముట్టుకున్న రూలుని బతకనివ్వకూడదని వాళ్లకు తెలుసు.

మనవాళ్లకి దీంతో సంబంధం లేదా అంటే, ఉంది. ఆ ఓటింగుకి 38 రోజుల ముందు, 2023 మే 6న, టెక్సాస్‌లోని ఆలెన్‌లో ఒక షాపింగ్ మాల్ దగ్గర ఒంటి మీద స్వస్తిక పచ్చబొట్టున్న ఒకడు 8 మందిని కాల్చి చంపాడు. చనిపోయినవాళ్లలో మన తెలుగమ్మాయి ఉంది, హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజనీరు. వాడి తుపాకికి బ్రేస్ ఉందని నేననడం లేదు. టెక్సాస్‌లో ఆ చావులయ్యాక 38 రోజులకి అదే దేశపు సభ తుపాకి మీద ఉన్న ఒక చిన్న అడ్డు తీసేయాలని ఓటేసిందని మాత్రమే అంటున్నాను. 2017లో కన్సాస్‌లోని ఒలాతేలో మా దేశంలోంచి పొమ్మని అరుస్తూ ఒకడు తెలుగు ఇంజనీరుని కాల్చేసినప్పుడు మన ఊళ్లన్నీ ఏడ్చాయి. ఆ కాల్చినవాడి ఆలోచనని మనవాళ్లు జాతి దురహంకారం అన్నారు. నిజమే. ఆ మాట అంత సులువుగా నోట్లోకొచ్చినవాళ్లకి చుండూరు గురించి మాట్లాడేటప్పుడు కులం అన్న మాట ఎందుకు రాదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక మన రూలు.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కారంచేడు రక్తం మీద వచ్చిన చట్టం అది. దాని కింద కేంద్రం 1995 మార్చి 31న రూల్స్ తెచ్చింది. మూడో రూలు తీసి చదవండి. ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాలు జరిగే ప్రమాదం ఉన్న ప్రాంతాలను రాష్ట్ర ప్రభుత్వం గుర్తించాలి. అలా గుర్తించిన చోట, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలు కానివాళ్ల ఆయుధ లైసెన్సులు రద్దు చేసి తుపాకులు ప్రభుత్వ ఆయుధాగారంలో పెట్టించాలి. వాళ్లవే కాదు, వాళ్ల దగ్గరి బంధువులవి, పాలేర్లవి, నౌకర్లవి, కుటుంబ స్నేహితులవి కూడా. రాసినవాడెవడో ఊరు తెలిసినవాడు! తుపాకి ఆసామి పేరున లేకపోతే బావమరిది పేరున ఉంటుందని వాడికి తెలుసు. అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవాలి. ఆ తర్వాత ఇంకో మాట: ప్రాణాలకి, ఆస్తులకి రక్షణ కోసం, అవసరమనుకుంటే, ఎస్సీ ఎస్టీలకి ఆయుధ లైసెన్సులు ఇవ్వాలి.

మళ్లీ చదవండి. మాలపల్లెకీ మాదిగ గూడేనికీ తుపాకి లైసెన్సు ఇవ్వొచ్చని భారత ప్రభుత్వం గెజిట్‌లో రాసింది.

అమెరికా వాళ్ల రూలు పట్టీని మాత్రమే ముట్టుకుంది. మనది ఊరి మీద పెత్తనాన్నే ముట్టుకుంటుంది. మరి దీని మీద ఎంత గొడవ జరగాలి? మన దగ్గరా అలాంటి దారుంది. అట్రాసిటీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఈ రూల్స్‌ని పార్లమెంటు రెండు సభల ముందూ 30 రోజులు పెట్టాలి, సభలు కావాలంటే మార్చొచ్చు, రద్దు చేయొచ్చు. మూడో రూలు కొట్టేయమని ఏ పెద్ద కులం ఎంపీ పట్టుబట్టి సభ ఆపాడు? ఎవరూ ఆపలేదు. ఆపాల్సిన పని పడలేదు. అమలు చేయని రూలుని రద్దు చేయించడానికి ఎవడు కష్టపడతాడు? అమెరికాలో రూలుకి గడువు పెట్టారు, అందుకే గుండెలు అదిరాయి. మన రూలుకి "అవసరమనుకుంటే" అని ఒక తోక తగిలించారు. ఎవరు అనుకోవాలి? కలెక్టరు, ఎస్పీ, సచివాలయం. వాళ్లు అనుకోరు, అంతే. రద్దు ఖర్చు లేకుండా రద్దు అయిపోయింది.

ఒక జిల్లాలో, ఏ జిల్లానో చెప్పను, విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ మీటింగులో నేనీ రూలు అడిగాను. "అయ్యా, ఈ డివిజన్లో గుర్తించిన గ్రామాల్లో లైసెన్సులెన్ని, ఎవరి పేరున ఉన్నాయి?" అని. అక్కడ కూర్చున్న ఒక అధికారి నవ్వి "ఏంటండీ, మీకు తుపాకులు కావాలా?" అన్నాడు. నేను అడిగింది వాళ్ల దగ్గరున్నవి ఎన్ని అని. ఆయనకి వినపడింది మాకు కావాలని. పక్కనున్న నలుగురూ నవ్వారు. మీటింగు మినిట్స్‌లో ఆ ప్రశ్న లేదు.

రూలు పుట్టి ఏడాదిన్నర కాకుండానే, 1996 జూలై 11న, బిహార్‌లోని బథానీ టోలాలో 21 మందిని చంపారు. 1997 డిసెంబర్ 1న లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మందిని. అక్కడ పనిచేసింది రణవీర్ సేన తుపాకులు. మూడో రూలు ఎవరి కోసం రాశారో వాళ్ల గుడిసెల్లోకే ఆ తుపాకులు వచ్చాయి. 2013లో పట్నా హైకోర్టు బాథే కేసులో శిక్ష పడిన 26 మందినీ వదిలేసింది.

మన డెల్టాలో తుపాకి పెద్దగా పేలలేదన్నది నిజమే. 1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్లు, బరిసెలు. 1991 ఆగస్టు 6న చుండూరులోనూ అవే, శవాలు గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. 1968లో మన కృష్ణా జిల్లాలోనే, కంచికచర్లలో కోటేశుని నిప్పు పెట్టి చంపారు. అక్కడ తుపాకి అవసరమే రాలేదు. అందుకని మూడో రూలు మనకి అక్కర్లేదంటారా? తుపాకి పేలనక్కర్లేదు. ఆసామి ఇంట్లో గోడకి వేలాడుతుంటే చాలు, కూలి రేటు మాట్లాడేవాడి గొంతు తగ్గుతుంది. గుడివాడ, కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద రాత్రుళ్లు కాపలా కాసేది మన కుర్రాళ్లే. వాళ్ల చేతిలో టార్చి లైటు, కర్ర. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ లైసెన్సు తుపాకులు స్టేషన్లో అప్పగించమని ఆర్డరు వస్తుంది. ఓట్ల కోసం నెలన్నర పాటు తుపాకులు లోపల పెట్టించడం ప్రభుత్వానికి చేతనైనప్పుడు, మన ప్రాణాల కోసం అదే పని చేయమంటే నవ్వెందుకొస్తుంది?

ఆయుధం గురించి బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు. కులనిర్మూలనలో ఆయన వేసిన ప్రశ్న, ఇన్ని బాధలు పడిన జనం ఈ దేశంలో ఎందుకు తిరగబడలేదని. ఆయన జవాబు: చాతుర్వర్ణ్యం వాళ్లకి చదువునీ, ఆయుధాన్నీ లేకుండా చేసిందని, యూరప్‌లో బలహీనులకు దొరికిన సాధనాలు ఇక్కడ దొరకలేదని. 1857 తర్వాత ఇంగ్లీషువాడు ఫలానా కులాలే యుద్ధ జాతులని లెక్కగట్టి 1890లలో మహర్లని సైన్యంలోకి తీసుకోవడం ఆపేశాడు. 1878 ఆయుధాల చట్టం వచ్చాక లైసెన్సు ఎవరికి దొరికిందో చెప్పక్కర్లేదు.

ఆ లెక్క పోయిందా? కొడగు చూడండి. కూర్గ్ జాతివాళ్లకీ, అక్కడి జమ్మా భూమి హక్కుదారులకీ కొన్ని రకాల తుపాకులకి లైసెన్సే అక్కర్లేదు. ఇంగ్లీషువాడి కాలం నాటి మినహాయింపు అది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు అది సరేనంది. పుట్టుకా భూమీ రెండూ కలిస్తే తుపాకికి కాగితమే అక్కర్లేదన్నమాట. అదే 2019 డిసెంబర్లో ఆయుధాల చట్టం సవరణ వచ్చింది. అప్పటిదాకా ఒకరికి మూడు తుపాకులుండొచ్చు, ఒకటికి తగ్గిద్దామని బిల్లు. పంజాబ్ ముఖ్యమంత్రి అమరీందర్ సింగ్ లాంటివాళ్లు వద్దన్నారు, తాతల నాటి తుపాకులు ఏం చేసుకోవాలని గొడవ. చివరికి రెండు దగ్గర రాజీ. బిల్లు దశలోనే తమ మాట నెగ్గించుకున్నారు. మన తాతలకి తుపాకుల వారసత్వం లేదు కాబట్టి ఆ చర్చలో మనం లేం.

ఇక్కడ కొందరు కుర్రాళ్లు ఆవేశపడతారు: "అయితే అన్నా, లైసెన్సులు తీసుకుందాం, అమెరికాలో నల్లవాళ్లలా." ఆగండి. 1967 మే 2న బ్లాక్ పాంథర్స్ తుపాకులు పట్టుకుని కాలిఫోర్నియా శాసనసభ భవనంలోకి నడిచారు. వీధుల్లో తుపాకి మోయడం అప్పటిదాకా చట్టబద్ధమే. జూలైలో రీగన్ సంతకంతో దాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చేసింది. ఆ నిషేధాన్ని అప్పుడు బలపరిచింది ఎవరు? తుపాకి హక్కు మీద ఈగ వాలనివ్వని నేషనల్ రైఫిల్ అసోసియేషనే. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్ల యువకుడు పోలీసుకి మర్యాదగా చెప్పాడు, నా దగ్గర లైసెన్సు తుపాకి ఉందని. ఆ పోలీసు అక్కడే కాల్చేశాడు, మరుసటేడు నిర్దోషిగా బయటికొచ్చాడు. ఒకే హక్కు ఒకరి చేతిలో స్వేచ్ఛ అవుతుంది, ఇంకొకరి చేతిలో నేరమవుతుంది. మన పిల్లోడి చేతిలో కర్ర కనపడితేనే రౌడీ షీటు తెరిచే చోట, తుపాకి కనపడితే ఏమవుతుందో నేను చెప్పాలా?

లైసెన్సు రావడం కూడా అంత తేలిక కాదు. ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని ఆయుధాల చట్టం 14వ సెక్షన్లోనే ఉంది. బాగుంది. కానీ పోలీసు రిపోర్టు రావాలి. మనం అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే మన మీద కౌంటర్ కేసు పడుతుంది కదా. ఆ కేసు నంబరు రిపోర్టులోకి వెళ్తుంది. అయిపోయింది.

నేనడిగేది తుపాకి కాదు. మూడో రూలులో మొదటి సగం. గుర్తించిన ఊళ్లలో వాళ్ల లైసెన్సులు రద్దు చేయండి, తుపాకులు ఆయుధాగారంలో పెట్టండి. రెండో సగం, మనకి లైసెన్సులిచ్చే మాట, పుస్తకంలో ఉండనివ్వండి. అది ఉంటే చాలు, మొదటి సగం అడిగేటప్పుడు మనకి బలం. రెండూ ఎత్తేసి సమానంగా అందరికీ ఒకటే అంటారేమో, దానికి మాత్రం ఒప్పుకోవద్దు.

ఇంకో సంగతి. అమెరికా కథ నుంచి మనం ఎక్కువ భయపడాల్సింది ఇక్కడే. ఆ పట్టీ రూలు ఏడాదిన్నర కూడా నిలవలేదు, ఎందుకంటే అది చట్టసభ చేసింది కాదు, శాఖ రాసింది. ఒక జడ్జి, ఒక ప్రభుత్వ మార్పు, చాలు. మన బతుకుల్లో ఎన్ని రూల్స్ మీద ఆధారపడి ఉన్నాయో లెక్కేసుకోండి. నష్టపరిహారం మొత్తం రూల్స్‌లోనే. డీఎస్పీ స్థాయి అధికారే దర్యాప్తు చేయాలన్నది ఏడో రూలు. మూడో రూలు సంగతి చూశాం. గెజిట్‌లో ఒక నోటిఫికేషన్ వేస్తే ఇవి మారిపోతాయి, పేపర్లో నాలుగో పేజీలో కూడా రాదు.

చట్టంలోకి ఎక్కితే కాస్త గట్టిగా నిలుస్తుంది. బాధితుల హక్కులు, సాక్షుల హక్కులు 2015 సవరణతో చట్టంలోకే వచ్చాయి, 15ఏ సెక్షన్‌గా. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అరెస్టుకి ముందు విచారణ, అనుమతి అంటూ చట్టాన్ని నీరుగారిస్తే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాం. ఆ బంద్‌లో మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆగస్టుకల్లా పార్లమెంటు 18ఏ సెక్షన్ పెట్టి ఆ తీర్పుని పక్కకి నెట్టింది. ఐదు నెలలు. రోడ్డు మీదికి వస్తే మనమూ చట్టసభని కదిలించగలమని ఒకసారి చూశాం. ఆ రోజు అడిగింది 18ఏ. ఈసారి అడగాల్సింది మూడో రూలుని చట్టంలోకి ఎక్కించమని, "అవసరమనుకుంటే" తీసేసి గడువు పెట్టమని. గ్రామాన్ని గుర్తించిన ఇన్ని రోజుల్లోగా లైసెన్సుల సమీక్ష జరగాలి, జరగకపోతే నాలుగో సెక్షన్ కింద ఆ అధికారి మీద కేసు. విధి నిర్వహణలో నిర్లక్ష్యానికి శిక్ష ఆ సెక్షన్లో ఎలాగూ ఉంది.

అది అయ్యేలోపు చేతిలో ఉన్న పని. జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చోవాలి, కలెక్టరు అధ్యక్షుడు. డివిజన్ కమిటీకి ఆర్డీవో. గుడివాడ, మచిలీపట్నం, ఉయ్యూరు, అవనిగడ్డ, మీరెక్కడున్నా సరే, సభ్యుడిగా ఉన్న మనవాళ్ల పేరు కనుక్కోండి. ఈ మూడు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇప్పించండి: మన జిల్లాలో 21వ సెక్షన్ కింద గుర్తించిన గ్రామాలేవి? ఆ గ్రామాల్లో ఎన్ని ఆయుధ లైసెన్సులున్నాయి, ఏ సామాజిక వర్గాల చేతిలో? మూడో రూలు కింద ఎన్ని రద్దు చేశారు? జవాబు నోటితో చెప్తే తీసుకోవద్దు. మినిట్స్‌లో ప్రశ్న ఎక్కిందో లేదో చూసి సంతకం పెట్టమనండి. కమిటీ కూర్చోవడం లేదంటే సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయలు.

మీకు వచ్చిన జవాబులు నాకు పంపండి, పేర్లు ఊళ్లు బయటపెట్టను. వచ్చే భాగంలో ఏడో రూలు, డీఎస్పీ గారి దర్యాప్తు సంగతి.

(ఇంకా ఉంది)